ఒక్క రిఫ్ తేల్చడానికి ఏడాది: మన గిటారు సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశం కార్యవర్గానికి అప్పగించిన పని ఒక్కటే. రాక్, మెటల్ సంగీతంలో అన్నిటికన్నా గొప్ప గిటారు రిఫ్ ఏదో ఏడాది తిరిగేలోగా తేల్చాలి. తేల్చలేదు. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతా నివేదిక రాయడం నాకు, చదవడం మీకు తేలిక. తేల్చబోయి మేము ఎక్కడెక్కడ తిరిగామో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ఈ ఏడాది చేరినవారిలో చాలామంది సోలోకూ రిఫ్‌కూ తేడా అడిగారు. పాట మధ్యలో ఒక్క వాద్యమే ముందుకొచ్చి వాయించే భాగం సోలో. పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరగుచ్ఛం రిఫ్. గాయకుడు నోరు తెరవకముందే పాట ఏదో చెప్పేస్తుంది. సోలో తీసేసినా పాట బతుకుతుంది. రిఫ్ తీసేస్తే దాన్ని ఇక ఆ పేరుతో పిలవలేం.

జనవరిలో వచ్చిన మొదటి ప్రతిపాదన ఊహించినదే: డీప్ పర్పుల్ వారి 'స్మోక్ ఆన్ ద వాటర్'. గిటారు పట్టిన ప్రతి ఒక్కరూ తొలి రోజుల్లోనే దాని మీద చేయి వేస్తారు కనుక కొందరికి ఆ పేరు వింటేనే విసుగు. కథ తెలిసిందే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో ఫ్రాంక్ జాపా కచేరీ నడుస్తుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ (సంకేతపు మంట వదిలే తుపాకీ) పేల్చారు, కేసినో కాలిపోయింది. అక్కడే ఆల్బమ్ రికార్డు చేయాలని వచ్చిన డీప్ పర్పుల్ సభ్యులు ఆ పొగ సరస్సు మీద కమ్ముకోవడం చూశారు.

మన హాల్లో కలకలం రేగింది కథ వల్ల కాదు. చాలా ఏళ్లుగా వాయిస్తున్న ఒక సభ్యుడు లేచి ఆ రిఫ్‌ను పవర్ కార్డులతో, అంటే సా-పా జంటలతో, గట్టిగా మోగించారు. వెనక వరుసలో ఉన్న సభ్యురాలు "అది అలా కాదండీ" అన్నారు. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాయించినవి సా-మా జంటలు. పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, గీకలేదు, రెండు తీగలనూ వేళ్లతో ఒకేసారి మీటారు. గీకితే ఒక తీగ వెనుక మరొకటి పలుకుతుంది. మీటితే రెండూ ఒకే క్షణంలో తెగ్గొట్టినట్టు పలుకుతాయి. పైగా అదే బృందంలోని జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను మార్షల్ యాంప్లిఫయర్ గుండా పంపి అదే రిఫ్‌ను గిటారుతో కలిపి వాయించారు. ఆ బరువులో సగం ఆర్గన్‌ది. ఆమె వాయించి చూపాక ముందు వాయించిన పెద్దమనిషి మారు మాట్లాడకుండా గిటారు ఒళ్లో పెట్టుకుని అక్కడికక్కడే సాధన మొదలుపెట్టారు. నా దృష్టిలో సంఘం ఈ ఏడాది సాధించినదానిలో అదే మొదటిది.

ఫిబ్రవరి, మార్చి సమావేశాలు ధ్వనిని చెడగొట్టడం గురించి. మామూలు మాటల్లో చెడిపోయిన శబ్దమే ఇక్కడ అందం. అమెరికా గిటారిస్టు లింక్ రే 1958లో 'రంబుల్' కోసం స్పీకర్ కాగితానికి పెన్సిలుతో చిల్లులు పొడిచారు. ఆ పాటలో ఒక్క మాట లేదు, అయినా కుర్రవాళ్లను కొట్లాటకు రెచ్చగొడుతుందని కొన్ని అమెరికా రేడియో కేంద్రాలు నిషేధించాయి. ది కింక్స్ బృందంలో డేవ్ డేవీస్ చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌ను బ్లేడుతో కోశారు. 1964లో వచ్చిన 'యు రియల్లీ గాట్ మీ' గరగర అక్కడిదే. ఆ మరుసటి ఏడాది ఆ పని చేయడానికి బ్లేడు అక్కరలేకపోయింది. రోలింగ్ స్టోన్స్ వారి 'శాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ మాయెస్ట్రో ఫజ్ పెడల్, అంటే ధ్వనిని గరగరలాడించే కాలి మీట, తొక్కారు. ఆ రిఫ్ అర్ధరాత్రి నిద్రలో తట్టిందనీ, లేచి టేపులో రికార్డు చేసి మళ్లీ పడుకున్నాననీ, టేపులో మిగిలినదంతా తన గురకేననీ ఆయనే చెప్పుకున్నారు. నాకు అంతకన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ గిటారు పలుకు ఆయన లెక్కలో చిత్తుప్రతి మాత్రమే. ట్రంపెట్లు, శాక్సఫోన్లు ఆ వరుస వాయించాలని ఆయన అనుకున్నారు. అదే ఏడాది అమెరికా గాయకుడు ఓటిస్ రెడింగ్ ఆ పాటను నిజంగానే ఊదుడు వాద్యాలతో పాడారు. రెండూ పక్కపక్కన వినిపించాం. చిత్తుప్రతికే ఓట్లు ఎక్కువ పడ్డాయి.

ఈ సందర్భంలోనే ఒక దుర్ఘటన. ఉత్సాహం పట్టలేని ఒక యువ సభ్యుడు సంఘం చిన్న యాంప్లిఫయర్ మీద డేవ్ డేవీస్ పద్ధతి ప్రయోగించారు. అది మూగబోయింది. హాల్లోకి బ్లేడు తేరాదని తీర్మానం చేశాం. ఆయనే కొత్త స్పీకర్ కొని బిగించారు, పాతదానికన్నా బాగా పలుకుతోంది కూడా. ఆ మాట ఆయనకు చెప్పవద్దు.

ఏప్రిల్‌లో నిశ్శబ్దం మీద ఒక సాయంత్రం గడిపాం. ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' 1980 నాటిది. గాయకుడు బాన్ స్కాట్ పోయిన కొద్ది నెలలకే వచ్చిన ఆల్బమ్, అట్ట నల్లగా ఉండటానికి ఆ సంతాపమే కారణం. ఆ బృందం గిటారిస్టు మాల్కం యంగ్ రిఫ్‌లో ప్రతి కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) తర్వాత తీగలు నొక్కిపట్టి ఆగుతారు. కార్డులు మూడు నిమిషాల్లో వచ్చేస్తాయి. ఆగడం రావడానికి నెల పట్టింది.

జూన్‌లో లెడ్ జెపెలిన్ 'కశ్మీర్'. గిటారు మూడేసి మాత్రలుగా నడుస్తుంటే డ్రమ్స్ నాలుగేసిగా నడుస్తాయి, పన్నెండో మాత్రకు గానీ రెండూ కలవవు. సగం మందితో మూడు, సగం మందితో నాలుగు లెక్కపెట్టించి చప్పట్లు కొట్టించాం. మొదటిసారి ఎవరూ ఎక్కడా కలవలేదు.

ఇక జులై. 5వ తేదీన బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో బ్లాక్ సబ్బత్ తొలినాటి నలుగురూ ఒక్కటై చివరి కచేరీ ఇచ్చారు. 22వ తేదీన వారి గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ కన్నుమూశారు. ఆ నెల సమావేశంలో చర్చ రద్దు చేసి, 1970 నాటి వారి తొలి ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు విన్నాం. వాన, గంట, ఆపైన మూడు స్వరాలు: సా, పై సా, ప్రతిమధ్యమం. అంతే. ఆ మూడో స్వరం దగ్గర మనసుకు కాలు నిలవదు. హెవీ మెటల్ పుట్టినచోటు చూపమంటే చాలామంది ఆ స్వరం మీదే వేలు పెడతారు.

ఆ స్వరం పట్టిన వేళ్ల గురించి కొత్తవారికి చెప్పి తీరాలి. సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో, ఫ్యాక్టరీ పనిలో చివరి రోజున, యంత్రం కింద కుడిచేతి మధ్యవేలి, ఉంగరపు వేలి కొనలు పోగొట్టుకున్నారు. ఆయన ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది కుడిచేయే. ఇక వాయించలేననుకున్నప్పుడు ఫోర్‌మన్ ఆయనకు గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించారు. రెండు వేళ్లు దెబ్బతిన్న చేత్తో వాయించిన మహానుభావుడాయన. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు, సన్నని తీగలు వెతుక్కున్నారు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి శ్రుతిని ఒకటిన్నర స్వరం దించారు. తీగ వదులైతే వేలికి నొప్పి తగ్గుతుంది, ధ్వని మరింత లోతుకు దిగుతుంది. ఈనాటి మెటల్ గిటారిస్టులు శ్రుతి దించుకునే అలవాటుకు ఆ గాయంతో పెద్ద చుట్టరికమే ఉంది. గాయం లేకపోయినా మెటల్ వచ్చేదని వాదించినవారూ ఉన్నారు. వచ్చేదేమో, ఇంత కింది శ్రుతిలో వచ్చేది కాదని నా పట్టుదల.

ఆగస్టులో మెటాలికా. 'ఎంటర్ సాండ్‌మన్' రిఫ్ ఆ బృందం గిటారిస్టు కిర్క్ హామెట్‌ది. మొదటి భాగాన్ని మూడుసార్లు తిప్పి, తోకను ఆఖరున ఒక్కసారే పెట్టమన్నది డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్. రిఫ్‌ను సరిదిద్దడానికి గిటారు పట్టనక్కరలేదన్నమాట. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'ను అసలు వేగంలో, కిందికి మాత్రమే కొడుతూ, చివరిదాకా ప్రయత్నించిన నలుగురిలో ముగ్గురు మధ్యలో మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. నాలుగోవారు మోసం చేశారు, పైకి కూడా కొట్టారు.

సెప్టెంబరు సమావేశానికి హాజరు పలచన. ది వైట్ స్ట్రైప్స్ 2003లో చేసిన 'సెవెన్ నేషన్ ఆర్మీ'లో వినబడేది బేస్ గిటారు కాదనీ, పెడల్‌తో ఒక స్థాయి కిందికి దించిన మామూలు గిటారేననీ నిరూపించడంతో సరిపోయింది. గిటారు ముట్టని లక్షల మంది ఫుట్‌బాల్ మైదానాల్లో ఆ ఏడు స్వరాలు నోటితో పాడుతున్నారు, రిఫ్‌కు అంతకన్నా పెద్ద బహుమతి నాకు తోచదు.

అక్టోబరులో ఓటింగ్. తలకొక పేరు రాయమంటే దాదాపు తలకొక పేరే వచ్చింది. రెండో విడతలో సబ్బత్ వర్గం, జెపెలిన్ వర్గం ఒకరినొకరు ఓడించుకునే ప్రయత్నంలో ఎవరికీ ఇష్టంలేని పాట ముందుకొచ్చింది. దాని పేరు రాయను. నవంబరులో తీర్మానాన్ని సవరించాం: ఇకపై పేరు ప్రతిపాదించేవారు ముందు దాన్ని తోటివారి ఎదుట తప్పు లేకుండా వాయించాలి. ప్రతిపాదనలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

మిగతా విషయాలు. కోశాధికారి లెక్కల పత్రం జతచేశారు, ఖర్చులో ఎక్కువ భాగం తీగలకే పోయింది. రికార్డుల గ్రంథాలయం క్రమంలో పెట్టడం పూర్తయింది. సాయంత్రాలు శబ్దం తగ్గించాలని పొరుగువారు రెండుసార్లు కోరారు, వారి మాట న్యాయమే కనుక డ్రమ్స్ కింద చాప పరిచాం. కార్యదర్శి పదవికి మళ్లీ పోటీ చేయడం లేదు, ఆసక్తి ఉన్నవారు జనవరి సమావేశానికి ముందే పేరు ఇవ్వండి.

ఆ సమావేశానికి గిటారును డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతిలో పెట్టుకుని రండి, 'కశ్మీర్' మిగిలే ఉంది. మార్చిలో ఫజ్ పెడల్ పట్టుకెళ్లినవారు బ్యాటరీతో సహా తెచ్చి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి