నెయ్యి మానితే కణితి మాడదు
రొమ్ము క్యాన్సర్ కణాలు కొవ్వుతో పెరుగుతాయన్న వార్తలు చదివి రోగులు నూనె, నెయ్యి, పెరుగు మానేయడం ప్రమాదకరం. ఆ కణాలు మన కంచంలోని నేతిచుక్క కోసం ఎదురుచూడవు. ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైము సాయంతో గ్లూకోజు నుంచే కొవ్వు ఆమ్లాలను తయారు చేసుకోగలవు. రొమ్ము కణితుల్లో ఆ ఎంజైమును 1994లోనే గుర్తించారు. దాన్ని అడ్డుకునే మందులు మాత్రం క్యాన్సర్‌కు ఇంకా ప్రయోగ దశ దాటలేదు. మా అక్కను కీమోథెరపీకి తీసుకెళ్లిన ప్రతిసారీ చారన్నంతో సరిపెట్టుకుని నీరసించినవారే కనిపించారు. ఒకామె బరువు బాగా తగ్గిందని ఆ రోజు మందు ఎక్కించకుండానే పంపేశారు. ప్రతి కీమో వార్డులో పోషకాహార నిపుణులను నియమించి, ఏం తినాలో తెలుగులో రాసిన కాగితం మొదటి రోజే చేతికివ్వాలి. పత్రికలు కూడా, ఒక ఫలితం ప్రయోగశాలలో తేలిందో, రోగుల్లో తేలిందో మొదటి వాక్యంలోనే చెప్పాలి.
– ఒక పాఠకురాలు, గుంటూరు