అనుమతిచ్చే శాఖే తనిఖీ చేస్తే ఎలా?

సంపాదకునికి,

కృష్ణా-గోదావరి తీరంలో చమురు, గ్యాస్ వెలికితీత వద్దని నేను అనను. అది మన వంటింటి పొయ్యికీ అవసరమే. నా భయమంతా దాన్ని ఎవరు కాపలా కాస్తున్నారన్నదే. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుంటే, ఆర్పడానికి రెండు నెలలు పట్టింది. 2014 జూన్‌లో కోనసీమలోనే నగరం అనే గ్రామంలో తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి, నిద్రలో ఉన్నవారు మంటల్లో చిక్కుకున్నారు.

విశాఖలో మేము 2020 మే 7ను మరువలేం. ఆ రోజు విషవాయువు లీకైంది చమురు బావి నుంచి కాదు, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని స్టైరీన్ అనే రసాయనం ట్యాంకు నుంచి. ఆ వేకువన మా ఎదురింటి పెద్దావిడ చీర చెంగు తడిపి మనవడి ముక్కుకు అడ్డం పెట్టి, కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. ఎటు పరుగెత్తాలో చెప్పే నాథుడు లేడు.

అన్వేషణను పర్యవేక్షించే డైరెక్టరేటూ, చమురు పరిశ్రమ భద్రతను చూసే డైరెక్టరేటూ రెండూ పెట్రోలియం శాఖ కిందివే. ఉత్పత్తి పెంచాలని తొందరపడే శాఖే పని ఆపమని ఎలా అంటుంది? 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై పేలుళ్లలో 167 మంది చనిపోయాక బ్రిటన్ భద్రత బాధ్యతను ఇంధన శాఖ నుంచి తప్పించింది. మన దగ్గర 2020 జనవరిలో అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో తేలిక నిబంధనలుండే బీ2 వర్గంలోకి మార్చి, బహిరంగ విచారణనే ఎత్తివేశారు. ఇది అన్యాయం.

పార్లమెంటుకు జవాబుదారీ అయిన స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలి. ప్రజాభిప్రాయ సేకరణను పునరుద్ధరించాలి. తనిఖీ నివేదికలను తెలుగులో, పంచాయతీ కార్యాలయాల్లోనూ చేపల రేవుల్లోనూ అతికించాలి.

- ఒక పాఠకురాలు, గోపాలపట్నం, విశాఖపట్నం