వరి డేటాబేస్‌కి వెబ్‌సైట్ కడుతున్న రవికి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. వరి రకాల డేటాబేస్‌కి వెబ్‌సైట్ పని నీ నెత్తిన పడిందన్నమాట, శుభం. కానీ సగం ఉత్తరం హోం పేజీలో ఏ బొమ్మ పెట్టాలి, మెనూకి ఏ రంగు వెయ్యాలి అనే రాశావు కదరా! పచ్చటి పొలం ఫోటో పెట్టుకో, లేదా మానెయ్, ఎవరూ చూడరు. శాస్త్రవేత్త నీ సైట్‌కి చేతిలో ఒక పేరు పట్టుకుని వస్తాడు, ఒక ఫైలు పట్టుకుని పోతాడు. ఆ రాకా, ఆ పోకా సాఫీగా ఉంటే మధ్యలో ఏది ఎలా ఉన్నా సర్దుకుంటాడు.

ముందు పేరు సంగతి చూడు. బాపట్ల రకం బీపీటీ 5204 ఉంది కదా. ఒకడు మధ్యలో ఖాళీ పెడతాడు, ఒకడు హైఫన్ పెడతాడు, ఒకడు రెండూ కలిపేస్తాడు. ఇంకొకడు సాంబ మసూరి అని కొడతాడు. ఆ మసూరిని ఇంగ్లీషులో రాసేటప్పుడు హెచ్ ఎక్కడ పెట్టాలో ఏ ఇద్దరికీ కుదరదు. మారుటేరు ఎంటీయూ 7029 అంటే స్వర్ణ, ఎంటీయూ 1010 అంటే కాటన్‌దొర సన్నాలు. వీటిని ప్రధాన పట్టికలో ఒకే గడిలో కామాలు పెట్టి ఇరికించకు. మారుపేర్లకి వేరే పట్టిక పెట్టి, ఒక్కో పేరుకి ఒక్కో వరుస ఇవ్వు: రకం ఐడీ, పేరు, అది అధికారిక పేరా వాడుక పేరా, ఎక్కడ దొరికింది. వెతికేటప్పుడు ఖాళీలు, హైఫన్లు, చుక్కలు తీసేసి, అన్నీ స్మాల్ లెటర్స్ చేసి పోల్చు. వాడు కొట్టిన మాటకీ ఇదే పని చెయ్యి, పట్టికలో పేరుకీ ఇదే చెయ్యి. ఒక పక్కే చేస్తే ఏదీ దొరకదు. తెలుగులో కొట్టేవాళ్ళ కోసం కంటికి కనబడని జీరో విడ్త్ అక్షరాలు కూడా తీసెయ్. అది ఒక్కటి మిగిలినా కంప్యూటర్‌కి అది వేరే మాటే.

స్పెల్లింగ్ తప్పుల్ని మన్నించే వెతుకులాట పెడతానన్నావు. పెట్టు, కానీ అక్షరాలకే. అంకెల జోలికి పోనివ్వకు. ఎంటీయూ 1010 అడిగినవాడికి ఎంటీయూ 1001 చూపిస్తే, అది విజేత, పూర్తిగా వేరే రకం. అంకె తేడా వస్తే 'దొరకలేదు' అని చెప్పడమే మర్యాద. ఆ పేజీని మాత్రం ఖాళీగా వదలకు. వాడు కొట్టిన మాట అలాగే చూపించి, దగ్గరి పేర్లు కింద పెట్టు, ఎంచుకునే పని వాడికే వదిలెయ్.

సరిగ్గా ఒకే ఐడీకి తగిలితే నేరుగా ఆ పేజీకే తీసుకుపో, మధ్యలో ఫలితాల జాబితా ఎందుకు? కానీ సాంబ మసూరి అని కొడితే దూకకు. బ్యాక్టీరియా ఎండాకు తెగులుని తట్టుకునే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి కూడా ఉంది, రెండూ చూపించాలి. టైప్ చేస్తుండగా వచ్చే సూచనలు ప్రతి అక్షరానికీ సర్వర్ని కదపకుండా 250 మిల్లీసెకన్లు ఆగి అడగాలి.

జన్యువుల దగ్గర ఇంకో మెలిక. వాక్సీ జన్యువు, అదే గింజలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎంతుండాలో తేల్చేది, పేర్లు పెట్టే ఒక పద్ధతిలో ఎల్‌ఓసీ_ఓఎస్06జీ04200, ఇంకో పద్ధతిలో ఓఎస్06జీ0133000. ఏది కొట్టినా ఒకే పేజీ తెరుచుకోవాలి, పేజీలో రెండూ కనపడాలి. వెతకడానికి స్మాల్ లెటర్స్ చేశావని తెరమీద కూడా అలాగే చూపించేవు! ఎక్స్‌ఏ21 అనే, ఎండాకు తెగులుని తట్టుకునే జన్యువు క్యాపిటల్ ఎక్స్‌తో మొదలవుతుంది, అది డామినెంట్, అంటే ఒక్క కాపీ ఉన్నా పనిచేస్తుంది. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 స్మాల్ ఎక్స్‌తో, అవి రిసెసివ్, రెండు కాపీలూ ఉంటేనే పనిచేస్తాయి. టైటిళ్ళన్నీ క్యాపిటల్స్ చేసే ఒక్క సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే కోడ్) లైను చాలు, ఆ తేడా మొత్తం గంగలో కలుస్తుంది.

వడపోతల్లో (ఫిల్టర్లలో) ప్రతిదాని పక్కనా ఎన్ని రకాలున్నాయో అంకె వెయ్యి, సున్నా ఉన్నవాటిని మసకబార్చు. ఒకే గుంపులో రెండు టిక్కులు పెడితే 'ఇదైనా అదైనా', వేర్వేరు గుంపుల్లో పెడితే 'ఇదీ అదీ'. ఎంచుకున్నదంతా పేజీ అడ్రసులోకి ఎక్కాలి. వాడు ఆ లింకు గైడుకి పంపితే ఆయనకీ అదే పట్టిక రావాలి, బ్యాక్ నొక్కితే వడపోతలు ఎగిరిపోకూడదు.

ఇప్పుడు నా అసలు గోడు, ఖాళీ గడులు. వరిలో ఆకుల మీది అగ్గితెగులుకి 0 నుంచి 9 దాకా స్కోరు వేస్తారు. 0 అంటే మచ్చ ఒక్కటీ లేదు, అన్నిటికన్నా మేలు. ఎక్కడో ఒక ప్రోగ్రాము ఖాళీ గడిని 0గా మార్చిందనుకో, అసలు పరీక్షే చెయ్యని రకాలన్నీ తెగులుని తట్టుకునేవాటి జాబితాలో పైకెక్కి కూర్చుంటాయి. తెర మీద ఏ ఎర్రరూ రాదు, పట్టిక చక్కగానే ఉంటుంది. అందుకే 'పరీక్షించలేదు' అని గడిలో మాటల్లో రాయి, ఏ వైపు సార్ట్ చేసినా అవి అడుగునే ఉండాలి. స్కోరు చూపే చోట ఏది మంచో కూడా చెప్పు: 0 మేలు, 9 చెడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీదే వదిలేస్తే ఆ రెంటికీ తేడా తెలియని వాళ్ళకి ఏమీ అర్థం కాదు. దిగుబడి కాలమ్ తల మీద టన్నులు/హెక్టారు అని ఉండి తీరాలి. ఎకరాల లెక్క పొరపాటున కలిస్తే తేడా రెండున్నర రెట్లు.

ఇక ఫైలు. డౌన్‌లోడ్ బటన్ నొక్కితే తెర మీదున్న 25 వరుసలే వస్తాయా, వడపోసినవన్నీ వస్తాయా? బటన్ మీదే రాసెయ్: 'మొత్తం 1,284 వరుసలు'. ఫైలు పేరులో తేదీ, డేటా వెర్షన్ ఉండాలి. ఎక్సెల్ కోసం సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైలు) ఇస్తే, యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో ఉన్న ఆ ఫైలు మొదట్లో, అది ఏ కోడో చెప్పే బామ్ గుర్తు పెట్టు, లేకపోతే తెలుగు పేర్లు పిచ్చి గీతలవుతాయి. ఎక్సెల్‌తో ఇంకో తంటా, '2-3' లాంటి విలువల్ని తేదీలు చేసేస్తుంది. మనుషుల జన్యువుల్లో సెప్ట్1, మార్చ్1 లాంటివి ఇలాగే తేదీలైపోతుంటే, చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చారు! కాబట్టి కనిష్ఠం, గరిష్ఠం అని రెండు కాలమ్‌లు చెయ్యి. క్రోమోజోమ్ మీద స్థానాలు ఇచ్చేటప్పుడు ఏ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ పటం) వెర్షనో రాయి. ఈ స్థానాలు రాసే బెడ్ రకం ఫైల్లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, జీఎఫ్ఎఫ్‌లో ఒకటి నుంచి. అది మరిస్తే ప్రతి ప్రారంభ స్థానం ఒక బేస్ (డీఎన్‌ఏలో ఒక అక్షరం) జరుగుతుంది.

పాత ఐడీ ఏదైనా వేరేదాంట్లో కలిపేస్తే దాని పేజీని చంపకు, 'ఇది ఫలానాదాంట్లో కలిసింది' అని లింకు పెట్టు. పాత పేపర్లలో ఆ ఐడీయే అచ్చయి ఉంటుంది.

అంతా అయ్యాక అయిదుగురిని కూర్చోబెట్టు, కంప్యూటర్ వాళ్ళని కాదు, కొత్త వరి రకాలు తయారుచేసే బ్రీడర్లని. 'అగ్గితెగులు తట్టుకుని, 120 రోజుల్లోపు కోతకొచ్చే రకాల ఫైలు తీసుకో' అని చెప్పి నోరు మూసుకుని చూడు. ఎక్కడ మౌస్ ఆగిందో అక్కడ రాసుకో. సాయం చెయ్యాలనిపిస్తుంది, చెయ్యకు.

మారుపేర్ల పట్టిక మొదలెట్టాక ఓ వంద వరుసలు నాకు పంపు, చూసి చెప్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి