అరుపులతో గౌరవం వస్తుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

చైనా దౌత్యవేత్తలు వేరే దేశాల మీద విరుచుకుపడే దురుసు భాష మీద రాయాలనిపించి రాస్తున్నా. దీన్నే తోడేలు దౌత్యం అంటున్నారు కదా, పేరు బాగానే కుదిరింది. 2020 నవంబర్‌లో వాళ్ల విదేశాంగ శాఖ ప్రతినిధి జావో లిజియాన్ ఏం చేశాడు, ఆస్ట్రేలియా సైనికుడు అఫ్గాన్ పిల్లాడి గొంతు మీద కత్తి పెట్టినట్టు తయారు చేసిన బొమ్మని ట్విట్టర్‌లో పెట్టాడు, అఫ్గాన్‌లో ఆస్ట్రేలియా సైనికుల మీద హత్యారోపణలు నిజంగానే ఉన్నాయి, కాదనను, కానీ ఒక దేశం తరఫున మాట్లాడేవాడు చేసే పనా అది? 2021 మార్చిలో అమెరికాతో జరిగిన అలాస్కా మీటింగ్‌లో చైనా అగ్ర దౌత్యవేత్త యాంగ్ జియేచి రెండు నిమిషాలు మాట్లాడాల్సింది, దాదాపు 16 నిమిషాలు అమెరికాని దులిపేశాడు. ఆ మాటలు ఎదుట కూర్చున్నోళ్ల కోసం కాదండీ, ఇంట్లో టీవీ చూసే జనం కోసం, నాకైతే అదే అనిపిస్తుంది.

మళ్లీ అదే ఏడాది మే నెలలో జిన్‌పింగే చైనా అందరికీ నచ్చేలా, గౌరవించేలా కనిపించాలి అన్నాడు! 2023 జనవరిలో జావోని ప్రతినిధి పదవి నుంచి తప్పించి సరిహద్దులు, సముద్ర వ్యవహారాల విభాగానికి పంపేశారు.

మా సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో చనిపోయాడు, మన సైనికులు 20 మంది పోయారని మనవాళ్లు వెంటనే చెప్పారు. ఇంత నోరున్న చైనా అక్కడ చనిపోయిన తన నలుగురు సైనికుల సంగతి చెప్పడానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగింది.

- ఒక పాఠకుడు, సూర్యాపేట