మూడు ద్వీపాలు కాదు, ఒక్కటే

విశాఖపట్నం,
ఆదివారం

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణం లెక్క మూడుసార్లు చదివాను. ఫోనులో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ అందుకుంటుంది, నువ్వు "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. తీరికగా చదువు, అల్లుడుగారికి కూడా వినిపించు.

మే నెలలో, ఏడు రోజుల్లో కరీబియన్ ద్వీపాలు జమైకా, బార్బడోస్, అరూబా. ఇద్దరికీ కలిపి 3,000 డాలర్లు, ఒక్క డాలరు దాటం అని కింద రెండు గీతలు గీసి మరీ రాశావు. ఆ గీతలు నాకు నచ్చాయి. వాటి పైన ఉన్నదే నచ్చలేదు. మ్యాపులో చూస్తే అవన్నీ పక్కపక్కన చల్లిన ఆవగింజల్లా ఉంటాయి. కానీ జమైకా నుంచి బార్బడోస్ దాదాపు 1,900 కిలోమీటర్లు. ఇంచుమించు మన విశాఖ నుంచి శ్రీనగర్ వెళ్ళినంత! మధ్యలో ప్రయాణికుల ఓడలు తిరగవు. విమానమే దిక్కు, అది కూడా చాలాసార్లు మయామీకి వెనక్కి వెళ్ళి మళ్ళీ రావడమే. మీ సెలవులో రెండు రోజులు విమానాశ్రయాల కుర్చీల్లోనే గడిచిపోతాయి.

డబ్బు కంటే ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. అల్లుడుగారికి అమెరికాలో ఉద్యోగ అనుమతి, అదే హెచ్-1బి, పొడిగింపు వచ్చింది గానీ, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయిందని పండగకు వచ్చినప్పుడు వియ్యపురాలుగారు అన్న మాట నాకు గుర్తుంది. జమైకా, బార్బడోస్ భారత పాస్‌పోర్టుకు వీసా అడగవు, నిజమే. లోపలికి వెళ్ళడం తేలిక. చిక్కంతా అమెరికాకు తిరిగి రావడంలో ఉంది. మెక్సికో, కెనడాలకు వెళ్ళి 30 రోజుల్లోపు పాత స్టాంపుతో తిరిగొచ్చే వెసులుబాటు హెచ్-1బి వాళ్ళకు ఈ ద్వీపాల విషయంలో వర్తించదు. స్టాంపు కోసం ఏ కాన్సులేటు గుమ్మంలోనో పడిగాపులు పడితే 3,000 కాదు, దాని మీద ఇంకో 3,000 పోతాయి. ముప్ఫై ఏళ్ళు ఓడల మీద తిరిగినవాడిని, కాగితం సరిగ్గా లేక రేవులో దిగలేకపోయిన మనుషులను చాలామందిని చూశాను.

అందుకని నా మాట విను: పోర్టోరికో వెళ్ళండి. అదొక్కటే. 1898 నుంచి అది అమెరికా చేతిలో ఉన్న నేల. నెవార్క్ నుంచి నేరుగా దాని రాజధాని శాన్ హువాన్‌కు విమానంలో నాలుగు గంటలు, లెక్కకు దేశంలోపలి ప్రయాణమే. మధ్యలో పరాయి దేశంలో ఆగే టికెట్ మాత్రం కొనవద్దు. ఇద్దరి పాస్‌పోర్టులు, ఐ-797 (హెచ్-1బి మంజూరు పత్రం), ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) కాగితాలు చేతిసంచిలో పెట్టుకోండి. మీ ఆఫీసు లాయరును కూడా ఒక మాట అడగండి. నాన్న చెప్పాడని ఊరుకోవద్దు.

ఇక మే నెల సంగతి. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు చలికి పారిపోయి వచ్చేవాళ్ళతో ధరలు మండుతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం. మే ఈ రెండింటి సందులో ఉంది. మధ్యాహ్నం ఒక జల్లు పడుతుంది, తడవండి. అరూబా తుపానుల దారికి దక్షిణంగా ఉందని చూసి పెట్టుకున్నావు, ఆ తెలివికి మెచ్చుకున్నాను. కానీ మేలో వెళ్ళేవాళ్ళకు ఆ జాగ్రత్త అక్కరలేదు. సెప్టెంబరులో గదులు సగం ధరకు వస్తున్నాయని నీ స్నేహితురాలు చెప్పిందే, ఎందుకు వస్తున్నాయో కూడా తెలుసుకో. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను పోర్టోరికోను తుడిచిపెట్టింది. నెలల తరబడి కరెంటు లేదు. హుద్‌హుద్ నాడు మన వరండా రేకులు రెండు వీధుల అవతల దొరికాయి, గుర్తుందా? అలాంటి చోట ఆ నెలలో అద్దె చౌక అని వెళ్ళడం మన ఊరివాళ్ళు చేయవలసిన పని కాదు.

డబ్బు దగ్గరికి వస్తాను. రాత్రికి 140 చొప్పున ఆరు రాత్రులకు 840 అని రాశావు. పోర్టోరికోలో కాసినో లేని హోటలుకు 9 శాతం గది పన్ను. అంటే 915 దాటింది. కాసినో ఉంటే 11 శాతం. దాని మీద రిసార్టు ఫీజు అని రోజుకింత వడ్డించేవాళ్ళు ఉంటారు. మొదటి పేజీలో పెద్ద అక్షరాల ధర చూడవద్దు, చివరి పేజీలో పడే మొత్తాన్నే రాసుకో. జమైకాలో చూసిన ఆ రిసార్టు, తిండీ తాగుడూ అన్నీ కలిపి ఒకే ధర అన్నది, అది మీలాంటివాళ్ళ కోసం కట్టింది కాదు. అల్లుడుగారు మాంసం ముట్టరు, నువ్వు మందు ముట్టవు. పక్కబల్లవాడి తాగుడుకు మీరు చందా కట్టినట్టు అవుతుంది.

3,000లో ముందుగా 300 తీసి పక్కన పెట్టు. దాన్ని దేని కింద రాయవద్దు. దూరానికి సరిపడా నూనె మాత్రమే పోసుకుని ఏ ఓడా రేవు దాటదు. ఎదురుగాలి వస్తుంది, దారి మళ్ళవలసి వస్తుంది, అందుకని అదనంగా కొంత ఉంచుకుంటాం. మీ లెక్కలో ప్రతి డాలరుకూ ఒక పేరుంది. పేరు లేని డబ్బు కొంత ఉండాలి.

కారు ఏడు రోజులూ వద్దు. మొదటి మూడు రోజులు పాత శాన్ హువాన్‌లో ఉండండి, అక్కడ కాళ్ళే కారు, పైగా ఆ సందుల్లో బండి పెట్టే చోటు దొరకదు. తర్వాత మూడు రోజులకు తీసుకోండి. అక్కడి రోడ్ల మీద దూరాలు కిలోమీటర్లలో, వేగం మైళ్ళలో, పెట్రోలు లీటర్లలో. ఇంజనీరునైన నాకే మొదటిసారి నవ్వొచ్చింది. కిరాణా చౌకగా ఉంటుందని కూడా అనుకోవద్దు. అమెరికా నుంచి అక్కడికి సరుకు అమెరికా ఓడల్లోనే రావాలని 1920 నాటి చట్టం ఉంది, అక్కడి ధరలకు మా నావికులం మొదట చెప్పుకునే కారణం అదే. సముద్రతీరం మాత్రం ఉచితం. చట్టప్రకారం అక్కడి బీచ్‌లన్నీ ప్రజలవే. పెద్ద హోటలు ముందున్న ఇసుక మీదా మీరు తువ్వాలు పరుచుకోవచ్చు.

1994లో అనుకుంటాను, థర్డ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు మా కంటైనర్ ఓడ శాన్ హువాన్‌లో తొమ్మిది గంటలు ఆగింది. కరీబియన్‌లో ఎన్నో రేవులు చూశానని మీకు గొప్పలు చెప్పాను గానీ, నిజానికి చూసింది క్రేన్లు, గోదాములు, ఇంజన్ గది పైపులు. ఆ ఒక్కరోజు మాత్రం బయటపడ్డాను. వీధుల్లో పరిచిన రాళ్ళు నీలంగా మెరుస్తున్నాయి. వంగి గోరుతో గీకి చూశాను. రాయి కాదు, ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం, అదే స్లాగ్, దానితో పోసిన దిమ్మలు. మన స్టీల్ ప్లాంటు వైపు స్లాగ్ కుప్పలు చూసినవాడిని కదా, వెంటనే తెలిసిపోయింది. ఖాళీ ఓడలు తూలిపోకుండా అడుగున బరువు కోసం వేసుకొచ్చారట. ఆ వీధి చివర మోరో కోట. 1539లో స్పెయిన్‌వాళ్ళు మొదలుపెట్టారు. కోట ముందు పెద్ద పచ్చిక మైదానం, ఆకాశం నిండా గాలిపటాలు. మాంజా లేదు, కోసుకోవడం లేదు, ఎవరి పటం వాళ్ళది. సముద్రం మీంచి గాలి ఆగకుండా ఒకే వైపు నుంచి వీస్తుంది, పిల్లలు దారం కట్టి వదిలేసి కూర్చున్నారు. ఒక పిల్లవాడి దారం చిక్కుపడితే నేనే విప్పి ఇచ్చాను. అప్పుడు నీకు నాలుగేళ్ళు. ఆ సంక్రాంతికి కూడా ఇంట్లో లేను. కోటలోకి టికెట్ మనిషికి 10 డాలర్లు, దానితోనే శాన్ క్రిస్టోబాల్ కోట కూడా చూడవచ్చు. మైదానానికి మాత్రం టికెట్ లేదు.

తిండి గురించి భయపడవద్దు గానీ అడిగి తినండి. మొఫోంగో అని ఒకటి ఉంది. పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, వెల్లుల్లి వేసి, చిన్న చెక్కరోట్లో దంచి ముద్ద చేస్తారు. ఆ దంపుడు చప్పుడు వింటే మీ అమ్మమ్మ వంటిల్లే. అందులో పంది తోలు వేపుడు కలపడం వాళ్ళ అలవాటు. చిక్కుడుగింజల కూరలో కూడా పంది ముక్క పడుతుంది. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని. అది చాలదు, "సిన్ హామోన్", అంటే పంది మాంసం లేకుండా, అని కూడా అనమను అల్లుడుగారిని. వెంట ఒక సీసా ఆవకాయ తీసుకెళ్ళండి, ఏ ముద్దకైనా అదే ప్రాణం.

తూర్పు తీరాన ఉన్న ఫహార్డోలో రాత్రిపూట పడవ ఎక్కడం మాత్రం మానవద్దు. డబ్బు పెట్టవలసిన చోటు అదే. మడచెట్ల మధ్య ఇరుకు కాలువలో తెడ్డు వేసుకుంటూ లగూనా గ్రాండె అనే మడుగులోకి వెళ్తారు. నీళ్ళలో కంటికి కనిపించని జీవులు, కదిపితే వెలుగుతాయి. తెడ్డు ముంచితే తెడ్డు చుట్టూ నీలిమంట. నాకది కొత్త కాదు. ఓడలో రాత్రి 12 నుంచి 4 దాకా డ్యూటీ, మేం వాచ్ అంటాం, అది ముగించుకుని డెక్ మీదికి వచ్చినప్పుడు, కొన్ని రాత్రులు ఓడ వెనక నీటి చాలు అలాగే వెలుగుతూ కనిపించేది. నిద్ర మానుకుని నిలబడి చూసేవాడిని. చూపించడానికి పక్కన ఎవరూ ఉండేవారు కాదు. వియెకెస్ ద్వీపంలో ఇంతకంటే ఎక్కువ వెలిగే మడుగు ఉంది, కానీ అక్కడ ఒక రాత్రి ఉండాలి, మీ 3,000 ఒప్పుకోదు.

వెన్నెల ఉంటే ఆ వెలుగు సరిగ్గా కనిపించదు. కాబట్టి అమావాస్య చూసుకుని పడవ బుక్ చేసుకోవాలి, మిగతా తేదీలన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి. పంచాంగం మీ అమ్మ దగ్గరే ఉంది. ఎందుకని అడిగింది, చెప్పాను. అమావాస్య నాడు ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటారా అని పొద్దున్నుంచి నాతో మాటల్లేవు.

సేబా రేవు నుంచి కులేబ్రా ద్వీపానికి ప్రభుత్వ ఫెర్రీ ఉంది, మనిషికి ఒక వైపు 2.25 డాలర్లు. ఇద్దరికీ రానూపోనూ 9 డాలర్లతో ఫ్లమెంకో బీచ్ చూసి రావచ్చు. మీ మూడు ద్వీపాల సరదా అలా ఒకటిన్నరకైనా తీరుతుంది. టికెట్లు ముందే కొనుక్కోండి, అద్దెకారును రేవులో వదిలి వెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో శాన్ హువాన్ విమానాశ్రయంలో సామాను వ్యవసాయ శాఖవాళ్ళు తనిఖీ చేస్తారు. మామిడిపళ్ళు రానివ్వరు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, అక్కడే తినేసి బయలుదేరు.

టికెట్ తేదీలు కుదరగానే రాయి. బయలుదేరేది అమావాస్యకు రెండు రోజుల ముందు ఉండేలా చూడు. పడవ సంగతి మీ అమ్మకు నేను సర్దిచెప్పుకుంటాను.

మీ
నాన్న