మా గొడుగులవ్వని నిలబెట్టిన ఆవిడకి

జ్యూరీ, అంటే మా పని చూసి మార్కులేసే రోజు, అయిపోయింది. క్యారెక్టర్ డిజైన్ ప్రాజెక్టు గట్టెక్కింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, వేళ్ళకంటిన పెన్సిలు మసి ఇంకా వదల్లేదు. అయినా ఇది రాయకుండా పడుకోలేను. నిద్రలేచి రాస్తే మాటలు కుదురుగా వస్తాయేమో గానీ, ఆవిడకి చెప్పాల్సింది ఇప్పుడున్నట్టే చెప్పాలని ఉంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సొంతంగా మూడు యానిమేషన్ పాత్రల్ని కల్పించాలి. ఒక్కో పాత్రకీ టర్న్‌అరౌండ్, అంటే ముందు, త్రీ క్వార్టర్, పక్క, వెనక నుంచి అదే మనిషి. ఆ తర్వాత ముఖంలో భావాలు చూపించే ఎక్స్‌ప్రెషన్ షీటు, భంగిమలు, ముగ్గురినీ వరసగా నిలబెట్టి ఎత్తులు చూపించే లైనప్. చివర్లో రంగుల పోస్టరు. అంతా చేత్తో, కాగితం మీదే. నా ముగ్గురూ ఎవరంటే, గొడుగులు బాగుచేసే గూని అవ్వ, ఆమె వెనకే తిరిగే పిల్ల మేఘం, ఇద్దరి మీదా కన్నేసి ఉంచే కాకి. మేఘం కురిస్తేనే అవ్వకి పని. ఆ మేఘానికేమో కురవడమంటే భయం.

కాకి తొందరగానే కుదిరింది. అవ్వ మాత్రం ఏడిపించింది. ముందు నుంచి చూస్తే బాగుంది, పక్క నుంచి చూస్తే బాగుంది, కానీ రెండూ ఒకే మనిషి కాదు. పక్క బొమ్మలో ఉన్న గూని ముందు బొమ్మలో మాయమైపోతోంది. కింద నుంచి వెలుగిచ్చి అడుగు కాగితంలోని బొమ్మ పై కాగితంలో కనపడేలా చేసే పెట్టెలుంటాయి, లైట్‌బాక్సులు. మా లైట్‌బాక్సుల గదికి సాయంత్రం అవగానే తాళం పడుతుంది కాబట్టి, కారిడార్ కిటికీ అద్దానికి కాగితాలు టేపుతో అంటించి, ఎండ ఉన్నంతసేపూ దాన్నే లైట్‌బాక్సుగా వాడుకుంటున్నాను. ఎండ పోయింది. కాగితాలు పీకి కింద పరుచుకుని కూర్చున్నాను.

ఆవిడ అప్పుడొచ్చారు. బంధువుల పిల్లకి అడ్మిషన్ వివరాలు కనుక్కోడానికి వచ్చారట, ఆఫీసు మూసేసి ఉందట. వెళ్ళిపోతున్నవారల్లా ఆగి, "ఏమ్మాయ్, ఒకసారి ఆ నాలుగూ ఇలా ఇస్తావా?" అన్నారు. ఇచ్చాను. ఒకదాని మీద ఒకటి పేర్చి, వేళ్ళ మధ్య పెట్టుకుని టపటపా ఫ్లిప్ చేశారు. చూసీ చూడగానే అర్థమైంది, ఈ చేతులు ఈ పనిలోనే అరిగాయని. ఎన్నో ఏళ్ళు ఒక స్టూడియోలో క్లీనప్ (చిత్తు గీతల్ని శుభ్రంగా దించడం), ఇన్‌బిట్వీన్ చేశారట. వేరేవాళ్ళు గీసిన కీ డ్రాయింగుల, అంటే కదలికలో ముఖ్యమైన భంగిమల, మధ్య వచ్చే బొమ్మలన్నీ ఈవిడవి.

ఫ్లిప్ చేస్తుంటే మా అవ్వ కళ్ళు పైకీ కిందకీ జారుతున్నాయి, ముక్కు పెరిగి తగ్గుతోంది. విడివిడిగా ఏ కాగితంలోనూ కనపడని జబ్బు అది. ఆవిడ బ్యాగ్ కింద పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీదే కూర్చున్నారు. ముందు షీటు పొడవునా అడ్డగీతలు కొట్టించారు. నడినెత్తి, కన్ను, గడ్డం, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు, మడమ. అవ్వ ఎటు తిరిగినా అవయవాలన్నీ ఆ గీతల మీదే కూర్చోవాలి. తర్వాత గూని సంగతి. "గూని మనిషిని ముందు నుంచి చూస్తే మెడ కనపడుతుందా? తల ముందుకొస్తుంది, గడ్డం భుజాల గీత కంటే కిందకి దిగుతుంది. వీపు తల వెనక నుంచి పైకి తొంగిచూస్తుంది" అన్నారు. మెడ తీసేసి గడ్డం దించాను. గూని వచ్చింది! ఇన్నాళ్ళూ రాని అవ్వ అక్కడే నా ముందు వచ్చి నిలబడింది.

1981లో డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ తమ పుస్తకంలో పెట్టిన 12 యానిమేషన్ సూత్రాలు మాకందరికీ నోటికొచ్చు. బొమ్మకి ఘనత్వం ఉండాలన్నది వాటిలో ఒకటి. దాని మీద పరీక్షలో పేజీలు రాశాను. అది చేతికొచ్చింది మాత్రం ఆ కారిడార్లో.

ఆవిడ నా బొమ్మ మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. ఏదైనా చూపించాలంటే పైన తెల్లకాగితం వేసి, దాని మీద గీసి చూపించేవారు. ఎలాగని! ఒక్క గీతలో అవ్వ నడుము బరువు మొత్తం దిగిపోయేది. నేను చూశానని తెలియగానే ఆ కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకునేవారు. ఒకటి ఉంచండి మేడమ్, దాచుకుంటానని అడిగాను. "వద్దమ్మా. ఇది దగ్గరుంటే నువ్వు దీన్ని చూసి దించుతావు. అవ్వ నీది, నా గీత అందులో ఉండకూడదు" అన్నారు. జీవితమంతా వేరేవాళ్ళ పాత్రల్ని గీసిన మనిషి నోట వచ్చిన మాట అది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏమీ అనలేదు, నేను తేరుకునేదాకా నా పెన్సిళ్ళన్నీ ఒక్కొక్కటే చెక్కి వరసగా పెట్టారు.

మరుసటి సాయంత్రం మళ్ళీ వచ్చారు. నేను రమ్మనలేదు, అడిగే ధైర్యం కూడా లేదు. చిల్లులు కొట్టిన కాగితాల్ని కదలకుండా ఒకే చోట పట్టి ఉంచే పాత పెగ్ బార్ ఒకటి, ఫోటో ఫ్రేము అద్దం ఒకటి తెచ్చారు. అద్దాన్ని రెండు పుస్తకాల మీద అడ్డంగా పెట్టి, కింద ఫోను టార్చి వేసి, ఇదే నీ లైట్‌బాక్స్ అన్నారు. ఆ రోజు అవ్వ శాలువా మీద పడ్డారు. దానికి ఏడు అతుకులు వేసుకున్నాను, ప్రతి అతుక్కీ కుట్లు. ఆవిడ లెక్క చెప్పారు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720. "నువ్వు సరదాగా వేసిన ఈ కుట్టుని ఎవరో ఒకరు 720 సార్లు వెయ్యాలి." ఆ ఎవరో ఒకరు తనేనని చెప్పలేదు. ఏడు అతుకుల్ని మూడు చేశాను, అవ్వ పేదరికం ఏమీ తగ్గలేదు. పైగా అతుకులూ సంచీ ఎడమవైపే ఉన్నాయి కాబట్టి కుడి పక్క బొమ్మని అద్దంలోలా తిప్పేస్తే కుదరదని, రెండు పక్కలూ విడిగా గీయించారు.

మేఘాన్ని కూడా ఆవిడే బతికించారు. నేను దానికి కళ్ళు, కనుబొమలు పెట్టాను. తీసెయ్యమన్నారు. సగం నిండిన పిండిబస్తాకి ముఖం లేకుండానే కోపం, దిగులు, సిగ్గు తెప్పించడం యానిమేషన్ నేర్చుకునేవాళ్ళు పాత రోజుల నుంచీ చేసే సాధన. అదే మేఘంతో చేయించారు. భయపడితే అంచులు లోపలికి ముడుచుకుని కిందంతా బరువెక్కాలి. అణిగినప్పుడు ఎంత పొట్టిదైతే అంత వెడల్పవ్వాలి, లేకపోతే నలిగినట్టుండదు, చిన్నదైపోయినట్టుంటుంది. చివరికి ముగ్గురినీ నల్లగా నింపి సిలౌట్ చూశాం. అవ్వ గొడుగు ఒంట్లో కలిసిపోయింది. గొడుగుని చంక కింద నుంచి వెనక్కి పొడుచుకొచ్చేలా పెట్టాక, ముఖం లేకుండా కూడా అవ్వెవరో చెప్పగలిగేలా తయారైంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. మా మార్కుల షీటులో సగం మార్కులు రంగుల పోస్టరుకే. జ్యూరీలో నా టర్న్‌అరౌండ్ కాగితాల్ని ఎవరూ ఫ్లిప్ చేసి చూడలేదు. పేపర్లు గోడకి పిన్ చేయమన్నారు కదా, ఇక ఫ్లిప్ ఎలా చేస్తారు? పాత్ర తిరుగుతుందా, నడుస్తుందా అని చూడకుండా పోస్టరు చూసి పాత్రని తూచడం ఏం పద్ధతి? విద్యార్థుల కోసం కొన్న లైట్‌బాక్సులు విద్యార్థులు పనిచేసే వేళకి తాళం వెనక ఎందుకు? అడిగితే రూలు అంటారు. అంతకంటే బాధించింది ఇంకొకటి. ఇన్ని వేల బొమ్మలు గీసిన ఆవిడ పేరు, ఆ బొమ్మలతో తయారైన చాలా వాటి టైటిల్సులో లేదట. ఫిర్యాదులా చెప్పలేదు, నేను అడిగితే చెప్పారు. నేను గుచ్చిగుచ్చి అడిగినా తన ఫోన్ నంబర్ ఇవ్వలేదు, ఇక్కడ పేరు రాయొద్దన్నారు. ఆవిడ మాట కాదనలేక రాయడం లేదు, కానీ రాయకపోవడం నాకు అన్యాయంగానే ఉంది.

మేడమ్, ఇది మీ కంట పడితే, పెగ్ బార్ నా దగ్గరే భద్రంగా ఉంది. బంధువుల అమ్మాయికి సీటొస్తే నాకు చెప్పండి. తనకి ఏ కాగితం కావాలన్నా, ఏ రాత్రి కూర్చోమన్నా నేనున్నాను.

అమ్మ, నాన్న, అన్నయ్య, మీకు వేరే చెప్పేదేముంది, వచ్చి మాట్లాడతాను.

మా గైడ్ సారుకి ధన్యవాదాలు. అంతమందిని ఒక్కరే చూస్తూ కూడా నా మేఘం కథ మార్చొద్దని గట్టిగా నిలబడ్డారు.

అయ్యో, స్కానింగ్ రూమ్ అన్నని మర్చిపోయాను! మెషీన్ ఆపేశాక మళ్ళీ ఆన్ చేసి నా షీట్లన్నీ తీసిచ్చారు అన్నా, థాంక్యూ. పక్క బెంచీ నేస్తం తన నీలం పెన్సిలు మొత్తం నాకే అరగదీయించింది. కాగితాలకి పెగ్ చిల్లులు కొట్టిపెట్టిన ఇద్దరు జూనియర్లు, కాకి ఎగిరి దిగేటప్పుడు కాళ్ళు ఎలా పెడుతుందో వీడియో తీసి పంపిన సీనియర్, జ్యూరీ పొద్దున తాళం ముందే తీసిన వాచ్‌మన్ బాబాయ్, అందరికీ. లైనప్ షీటు పట్టుకుని నిలబడింది ఎవరో నాకు కనపడలేదు, ఎవరైతే వాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి. సాయంత్రం దాకా మాత్రం ఎత్తను, పడుకుంటున్నాను.