రాలిన రాయికి మా ఊరి పేరు రావాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

ఆకాశం నుంచి నేలరాలిన అరుదైన రాళ్ల, అంటే ఉల్కాశిలల కోసం సహారా, ఒమన్ ఎడారులకూ, అంటార్కిటికాకూ వెళ్లే సేకర్తలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మహారాష్ట్రలోని సిరొంచలో మా ఇంటిల్లిపాదీ చదివాము. 1969లో జపాన్ బృందానికి అంటార్కిటికాలోని యమాటో పర్వతాల దగ్గర తొమ్మిది ఉల్కాశిలలు దొరికిన తరువాతే, కదిలే మంచు వాటిని మోసుకొచ్చి కొండల అడ్డున చేరుస్తుందనీ, గాలి పైమంచును హరించి వాటిని బయటపెడుతుందనీ శాస్త్రవేత్తలు గ్రహించారు. మన నేల తీరు వేరు. ఇక్కడి వానలకు ఉల్కలోని ఇనుము తుప్పుపట్టి, కొంతకాలానికి అది మామూలు రాళ్లలో కలిసిపోతుంది. కనుక రాలిన కొద్ది రోజుల్లోనే దాన్ని గుర్తించాలి. ఆ పని చేయగలిగేది దూరం నుంచి వచ్చే సేకర్త కాదు, రోజూ ఆ చేలో తిరిగే రైతు.

అమెరికాలో హార్వే నైనింజర్ అనే అధ్యాపకుడు 1923లో ఆకాశంలో ఒక అగ్నిగోళాన్ని చూసి, ఆ తరువాత ఊరూరా తిరుగుతూ, బడుల్లో ఉపన్యాసాలిస్తూ, నాగలికి తగిలిన వింత రాయి ఏదైనా ఉంటే చూపమని రైతులను అడిగి గొప్ప సేకరణను కూర్చాడు. మా ప్రాంతానికి అలా అడిగేవారు ఎవరూ రాలేదు. వచ్చినవాడల్లా ఒక వ్యాపారి. చాలా ఏళ్ల క్రితం అతడు అయస్కాంతం పట్టుకుని మా పల్లెల్లో తిరిగి, నల్లని బరువైన రాళ్లను పదీ పరకకు కొనుక్కుపోయాడు. వాటిలో ఉల్క ఉందో, అన్నీ ఇనుపరాయీ, కొలిమిలో మిగిలే చిట్టెమూనో చెప్పే మనిషి అప్పుడు మాకు లేడు. ఉపాధ్యాయుడిగా ఉండి కూడా నేను పిల్లలకు తేడా చెప్పలేకపోయిన బాధ ఇప్పటికీ ఉంది.

2022 ఏప్రిల్ 2న, ఉగాది నాటి రాత్రి, ఆకాశంలో మండుతూ సాగిన చారను చూసి ఉల్కలు రాలాయని అందరూ అనుకున్నారు. చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకా లాడ్‌బోరిలో దొరికింది మాత్రం పెద్ద లోహపు చట్రం. అది చైనా రాకెట్ భాగమై ఉంటుందని నిపుణులు అంచనా వేశారు. రాకెట్ ముక్కకూ ఉల్కకూ తేడా ఊరివారికి ముందే తెలిసి ఉంటే అంత భయం ఉండేది కాదు. అదే ఏడాది ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో రాలిన అరుదైన ఉల్క ముక్కలను గ్రామస్థులు జాగ్రత్తపరచినందువల్లనే అహ్మదాబాద్ శాస్త్రవేత్తలు వాటిని పరిశీలించగలిగారు.

ఉల్కాశిలకు అది దొరికిన చోటి పేరే పెడతారు. 1865లో బీహార్‌లోని షేర్‌ఘాటీలో రాలిన రాయి జాతికి చెందిన రాళ్లన్నిటికీ ప్రపంచమంతటా ఆ ఊరి పేరే స్థిరపడింది; అవి అంగారకుడి నుంచి వచ్చినవని ఆ తరువాత తేలింది. 2003లో ఒడిశాలో రాలినది కేంద్రపారా పేరు మోస్తోంది. మా తాలూకాలోని వడధామ్‌లో దొరికిన శిలాజాలను చూసి పెరుగుతున్న ఇక్కడి పిల్లలకు ఈ సంగతి చెబితే ఎంత శ్రద్ధగా వింటారో నాకు తెలుసు.

గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల అధికారులకు నా విన్నపం ఇది. కాలిన పల్చని నల్లపొర, పరిమాణానికి మించిన బరువు, లోపల బుడగలు లేకపోవడం వంటి గుర్తులను తెలుగు, మరాఠీ, గోండీ భాషల్లో ఒక్క పుటలో అచ్చువేసి ప్రతి బడిలోనూ గ్రామపంచాయతీలోనూ అంటించాలి. రాయి తెచ్చినవారికి రసీదు ఇచ్చి, దాన్ని నాగపూర్‌లోని భారత భూగర్భ సర్వేక్షణ కార్యాలయానికి పంపాలి. పరీక్షలో ఏమి తేలిందో ఆ రైతుకు తెలుగులో ఉత్తరం రాయాలి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా.